పెరటి పువ్వును లేసు పువ్వుగా అల్లడం ఎలా?

"కొత్త డిజైన్లు ఎక్కడ దొరుకుతాయండీ?" నరసాపురం వైపు నుంచి వచ్చానని, లేసు అల్లుతానని తెలిస్తే చాలు, అందరూ ఇదే అడుగుతారు. పెరట్లోకి వెళ్ళి చూడమంటాను. "వెళ్ళి ఏం చూడాలి?" అని వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. ఇప్పటికి చాలాసార్లు నోటితో చెప్పాను కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

మా ఊళ్ళలో అల్లిన బిళ్ళను పువ్వు అనే అంటాం. "పొద్దుటి నుంచి ఎన్ని పువ్వులయ్యాయి?" అని అడిగితే అది మల్లెపూల లెక్క కాదు, అల్లిక లెక్క. 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి ఈ పని నేర్పారని చెప్తారు. 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకు అన్న ముద్ర కూడా వచ్చింది. ఇన్నేళ్ళుగా అల్లుతున్నా మనలో చాలామందికి నమూనా ముక్క చేతికిస్తే తప్ప సూది కదలదు. గుమ్మం పక్కనే పొట్ల పాదు ఉంటుంది, మనం మాత్రం ఫోన్లో డిజైన్లు వెతుకుతుంటాం.

మా లేసు కొక్కెం సూదితో అల్లే క్రోషే పని. అందులో చైన్, స్లిప్, సింగిల్, డబుల్, ట్రిబుల్ కుట్లు మీకు వచ్చనుకుని రాస్తున్నాను. నేను వాడేవి అమెరికా పద్ధతి పేర్లు. ఇంగ్లండు పుస్తకాల్లో డబుల్ అని ఉంటే అది మన సింగిల్, వాళ్ళ ట్రిబుల్ మన డబుల్. ఈ తేడా తెలియక రెక్కలు పొట్టివైపోయాయని దారాన్ని తిట్టుకునే వాళ్ళని చూశాను.

కావలసినవి

- మెర్సరైజ్డ్ (మెరుపు, గట్టిదనం పట్టించిన) నూలు దారం, 20 నంబరు. కొత్తవాళ్ళయితే 10 తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 40 నంబరు జోలికి ఇప్పుడే వద్దు.
- స్టీలు క్రోషే సూది. 20 నంబరు దారానికి 1.25 మి.మీ., 10 నంబరుకైతే 1.5 లేదా 1.75.
- గళ్ళ నోటుబుక్కు, పెన్సిలు, స్కేలు.
- నల్ల గుడ్డ ముక్క ఒకటి. పాత లంగా గుడ్డయినా చాలు.
- థర్మోకోల్ అట్ట, తుప్పు పట్టని గుండుసూదులు. మామూలు గుండుసూదులతో మన చెమ్మగాలికి ఒక్క రాత్రిలో తెల్ల లేసు మీద ఎర్ర మరకలు పడతాయి, అవి ఉతికినా పోవు.
- గంజి.

పెరడు లేని వాళ్ళు పొద్దున్నే కడియపులంక పూల మార్కెట్టుకో, ఆ చుట్టుపక్కల నర్సరీలకో వెళ్ళండి. ఒక్కో రకంలో రెండేసి పువ్వులు చాలు.

1. కాలాన్ని బట్టి పువ్వును ఎంచుకోండి

మొదటి పువ్వుగా ఒంటిరెక్క నందివర్ధనం తీసుకోండి. దాదాపు ఏడాది పొడుగునా పూస్తుంది, తెల్లగా ఉంటుంది, ఐదే రెక్కలు. ముద్ద నందివర్ధనం వద్దు, లెక్క తేలదు.

దాళ్వా (రెండో పంట వరి) కోతల రోజుల్లో, అంటే వేసవిలో మల్లెలు, జాజులు వస్తాయి. నిజం చెప్పాలంటే బొండుమల్లె లేసుకి పనికిరాదు. వాసన తీసేస్తే అది తెల్లటి ఉండ, లోపల సందులుండవు. సన్నజాజి నయం, ఐదు రెక్కలూ విడివిడిగా కనిపిస్తాయి.

వానలు పడి సార్వా (మొదటి పంట) నాట్లు మొదలయ్యాక పెరట్లో పని పెరుగుతుంది. నాలుగు చినుకులు పడగానే వాన లిల్లీ లేస్తుంది, దానికి ఆరు రెక్కలు. నూరువరహాల గుత్తిలో ఒక్కో చిన్న పువ్వుకీ నాలుగు రెక్కలు. కాశీరత్నం తీగకి ఐదు మొనల ఎర్ర చుక్క లాంటి పువ్వు వస్తుంది కానీ, అసలు అందం దాని ఆకుది. ఈనె తప్ప ఇంకేమీ లేదా అన్నట్టు దువ్వెన పళ్ళలా ఉంటుంది. దిండు గలేబు అంచుకి ఆ ఆకు ఒక్కటే చాలు. శరత్కాలంలో పారిజాతాలు రాలతాయి. వాటికి రెక్కలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, ఐదు నుంచి ఎనిమిది దాకా. ఆరు రెక్కలది ఏరుకోండి.

ధనుర్మాసంలో అందరి కళ్ళూ బంతి, చేమంతుల మీదే. నేనైతే గొబ్బెమ్మ మీద పెట్టడానికి కోసిన గుమ్మడి పువ్వునొకదాన్ని పక్కకు తీసి, ట్యూబులైటుకి అడ్డంగా పట్టుకుని చూస్తాను. రెక్కలోని ఈనెలన్నీ గీత గీసినట్టు కనిపిస్తాయి. ఇంకొకటి, కోయడం మర్చిపోయి పూతకొచ్చేసిన కొత్తిమీర మడి. ముదిరిపోయిందని పీకి పారేయకండి. ఒక్క కాడ నుంచి గొడుగు ఊచల్లా సన్న కాడలు, ప్రతి ఊచ చివరా మళ్ళీ ఓ బుల్లి గొడుగు, దాని చివర తెల్ల పువ్వులు. అంచున ఉన్న పువ్వుల్లో బయటి వైపు రెక్కలు లోపలి వాటికంటే పెద్దవి. గుండ్రటి టేబుల్ మ్యాట్ అల్లేటప్పుడు మధ్యలో చిన్న కుట్లు, బయటికి వెళ్ళేకొద్దీ పెద్దవి ఎందుకు వేస్తామో ఆ గొడుగును చూస్తే అర్థమైపోతుంది.

కృష్ణకమలం అల్లాలని మాత్రం మొదటే సరదా పడకండి. ఆ మధ్యలోని కేసరాల చుట్టు చూసి ముచ్చటపడి నేను మూడు వారాలు పాడుచేసుకున్నాను.

2. సందులు లెక్కపెట్టండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. పువ్వు చేతికి రాగానే రెక్కను చూస్తారు, రెక్క బొమ్మ గీస్తారు, రెక్కను నింపుతూ అల్లుతారు. చివరికి అట్ట బిళ్ళ తయారవుతుంది. లేసంటే చిల్లులండీ. దారం ఆ చిల్లుల చుట్టూ కట్టిన గట్టు మాత్రమే. కాబట్టి పువ్వును నల్లగుడ్డ మీద బోర్లించి, గుడ్డ ఎక్కడెక్కడ కనిపిస్తోందో చూడండి. గళ్ళ బుక్కులో నాలుగు సంగతులే రాసుకోండి:

- రెక్కలెన్ని?
- రెక్కకీ రెక్కకీ మధ్య సందు ఎక్కడ మొదలవుతోంది, బొడ్డు దగ్గరా, సగం నుంచా?
- రెక్క నేరుగా ఉందా, ఓ పక్కకి వాలిందా?
- అంచు నునుపా, మొనా, చీలికలా?

నందివర్ధనానికి నేను రాసుకున్నది ఇది: "ఐదు. సందు బొడ్డు దగ్గర నుంచి. అన్నీ ఒకే పక్కకి, గాలిమరలా. అంచు నునుపు." ఇంతకంటే బొమ్మ అక్కర్లేదు. ఫోటో తీసుకుంటే తీసుకోండి గానీ, ఫోటో చూసి లెక్కపెట్టకండి. వెనక్కి మడిచిన రెక్క అందులో కనపడదు.

3. ముగ్గు చుక్కలతో అమరిక చూసుకోండి

పువ్వు ఒక్కటే అల్లి దాచుకుంటే సరే. టేబుల్ క్లాతో, కర్టెనో కావాలంటే పువ్వులు ఒకదానికొకటి అతకాలి. ఏ పువ్వు ఎలా అతుకుతుందో ముగ్గు వేసే చేతికి ముందే తెలుసు.

నాలుగు రెక్కల పువ్వుకి సరిచుక్క. నిలువుకీ అడ్డానికీ వరసలు సమానంగా పెట్టి, చుక్కకో నూరువరహా పెట్టుకుంటూ పొండి. చదరం వస్తుంది.

ఆరు రెక్కల పువ్వుకి సందుచుక్క. మధ్య వరసలో 7, అక్కడి నుంచి అటూ ఇటూ 6, 5, 4. మొత్తం 37 పువ్వులు, ఆరు పలకల మ్యాట్. వాన లిల్లీకి ఇది సరిగ్గా కుదురుతుంది.

ఐదు రెక్కల పువ్వు మాత్రం ఎలా పేర్చినా ఎక్కడో ఓ చోట ఎగుడుదిగుడు సందు మిగులుతుంది. అది మీ చేతి తప్పు కాదు, ఐదు లెక్క అంతే. నందివర్ధనాన్ని, జాజిని చీర అంచుకో, గలేబు అంచుకో ఒకే వరసగా వాడండి. లేదంటే చైన్లతో వల అల్లి అందులో అక్కడక్కడా కూర్చోబెట్టండి.

4. నందివర్ధనం అల్లండి

బొడ్డు: చైన్ 6 వేసి, స్లిప్‌తో గుండ్రంగా కలపండి.

మొదటి చుట్టు: చైన్ 1, గుండ్రం లోపల సింగిల్ 15. మొదటి సింగిల్‌కి స్లిప్. ఇక్కడ ఆగి ఒకసారి లెక్కపెట్టండి. 14 ఉంటే చివర ఒక లూపు ఇరుకవుతుంది, ఎక్కడ తప్పామో తెలియక మొత్తం విప్పాల్సొస్తుంది.

రెండో చుట్టు: చైన్ 1, మొదటి కుట్టులోనే సింగిల్ 1. తర్వాత చైన్ 5, రెండు కుట్లు వదిలి మూడోదాంట్లో సింగిల్. ఇలాగే చుట్టూ వెళ్ళి, చివరి చైన్ 5ని మొదటి సింగిల్‌కి స్లిప్‌తో కలపండి. ఐదు లూపులు రావాలి.

మూడో చుట్టు: ఒక్కో లూపులో సింగిల్ 1, డబుల్ 2, ట్రిబుల్ 3, ఆ వెంటనే చైన్ 4 వేసి అదే లూపులో సింగిల్ 1. ఇలా ఐదు. స్లిప్‌తో ముగించండి.

రెక్క ఓ పక్క మెల్లగా ఎక్కి, రెండో పక్క నిట్టనిలువుగా దిగుతుంది. నందివర్ధనం వాలు అదే. మామూలు నమూనాల్లో రెక్కకి రెండు పక్కలా ఒకే లెక్క వేస్తారు కాబట్టి ప్రతి పువ్వూ ఒకేలా కనిపిస్తుంది.

జాగ్రత్త: మధ్యలో ముక్కను తిప్పి వెనక వైపు నుంచి అల్లకండి, గాలిమర ఎదురు తిరుగుతుంది. పది పువ్వుల్లో ఒకటి అలా తిరిగితే ఎక్కడుందో చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని చూసేవాళ్ళకి తెలిసిపోతుంది.

నాలుగు రెక్కల నూరువరహాకి మొదటి చుట్టులో సింగిల్ 12 వేస్తే నాలుగు లూపులొస్తాయి. ఒక్కో లూపులో సింగిల్, డబుల్, ట్రిబుల్, మొన కోసం చైన్ 3, మళ్ళీ ట్రిబుల్, డబుల్, సింగిల్. ఆరు రెక్కలకైతే బొడ్డు చైన్ 8, మొదటి చుట్టు సింగిల్ 18. రెక్క నూరువరహా లెక్కే, ట్రిబుల్ మాత్రం అటొకటి ఇటొకటి ఎక్కువ.

5. చెయ్యి కుదిరాక పొట్లపువ్వు

ఇది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

పొట్లకాయ వంకరపోకుండా చివర రాయి కట్టడానికి పాదు దగ్గరికి రోజూ వెళ్తాం. వెళ్ళేది పగలు, కాబట్టి పువ్వును చూడం. అది సాయంత్రం చీకటి పడే వేళకి విచ్చుకుంటుంది, తెల్లవారేసరికి ముడుచుకుపోతుంది. ఓ రాత్రి టార్చి తీసుకుని వెళ్ళండి. తెల్లటి ఐదు రెక్కలు, చిన్నవే. కానీ ప్రతి రెక్క అంచూ చీలి, చీలికలు మళ్ళీ చీలి, వెంట్రుకల్లాంటి పోగులై గాల్లోకి సాగుతాయి. రెక్క కంటే పోగుల కుచ్చే ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది. టార్చిని పువ్వు వెనక పెడితే ఆ పోగుల నీడ ఆకు మీద పడుతుంది. నేను మొదటిసారి ఆ నీడనే గీసుకున్నాను, పువ్వును కాదు. కోసి ఇంట్లోకి తెస్తే కాసేపటికే చుట్టుకుపోతుంది, కాబట్టి బుక్కు అక్కడికే తీసుకెళ్ళండి. దోమలుంటాయి, చేతుల జాకెట్టు వేసుకోండి.

అల్లడం ఇలా. బొడ్డు, మొదటి రెండు చుట్లు నందివర్ధనం లాగే.

మూడో చుట్టు: ఒక్కో లూపులో సింగిల్ 1, డబుల్ 1, ట్రిబుల్ 3, డబుల్ 1, సింగిల్ 1.

నాలుగో చుట్టు, ఇదే పోగుల చుట్టు: సింగిల్ మీద, డబుల్ మీద స్లిప్ వేసుకుంటూ రండి. మొదటి ట్రిబుల్ మీద సింగిల్ వేసి, చైన్ 9 తీసి, అదే సింగిల్‌కి స్లిప్. మధ్య ట్రిబుల్ మీద కూడా అంతే, చైన్ మాత్రం 13. మూడోదానిమీద మళ్ళీ 9. తర్వాత డబుల్, సింగిల్ మీద స్లిప్ వేసి పక్క రెక్కకి వెళ్ళండి. మొత్తం 15 పోగులు.

సూది మీద నుంచి దించగానే చింపిరి జుట్టులా ఉంటుంది. టెన్షన్ పడి విప్పకండి. గంజి పెట్టి, ఒక్కో పోగునీ లాగి పిన్ను గుచ్చి ఆరబెడితే తప్ప దీని రూపం బయటపడదు.

రోజూ ఉతికే వాటికి, అంటే దిండు గలేబులకి, పిల్లల గౌన్లకి ఈ పోగులు పెట్టకండి. గాజులకి, మెట్టెలకి చిక్కుకుంటాయి. అక్కడ చైన్ 9, 13 బదులు మూడు పోగులూ చైన్ 3 చొప్పున వేస్తే అంచు చీలినట్టే ఉంటుంది, పట్టుకోదు.

6. అతకడం

అతుకు పనికి వేరే సూదీ దారం అక్కర్లేదు. రెండో పువ్వు చివరి చుట్టులో మొన దగ్గరికి వచ్చాక, చైన్ 3 బదులు చైన్ 1, మొదటి పువ్వు మొనలోకి స్లిప్, మళ్ళీ చైన్ 1. అంతే, రెండూ కలిసిపోతాయి. నూరువరహాలు నాలుగు కలిపాక మధ్యలో ఓ ఖాళీ మిగులుతుంది. దాన్ని నింపేయాలనిపిస్తుంది. ఉండనివ్వండి. మరీ వదులుగా జారుతోందనిపిస్తే చిన్న గుండ్రం అల్లి, నాలుగు వైపులా చైన్ చేతులు చాచి పట్టించండి.

అతికే ముందు పువ్వులన్నీ ఒక చోట పోసి కొలవండి. ఈ పాఠం నాకు డబ్బు పోయాక వచ్చింది. ఒకసారి 48 పువ్వులు ఇవ్వాలి, ఆఖరి డజను జ్వరంతో అల్లాను, చెయ్యి వదులైపోయింది. ఒక్కోటి రెండు మిల్లీమీటర్లే పెద్దది. అన్నీ అతికేసరికి ఓ మూల గిన్నెలా లేచింది. తీసుకున్న వ్యాపారి చూపుడువేలితో ఆ మూలని ఒక్కసారి నొక్కి, మడత పెట్టి వెనక్కిచ్చేశాడు.

7. ఉతికి, గంజిపెట్టి, పిన్ను గుచ్చడం

గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కండి. వేసవిలో అల్లినవైతే చెమట జిడ్డుంటుంది, రెండుసార్లు నానబెట్టండి. అల్లేటప్పుడే దారం ఉండని డబ్బాలో పెట్టుకుంటే సగం మురికి తప్పుతుంది.

అన్నం వార్చిన గంజి వాడితే పల్చగా, గుడ్డలో వడగట్టి వాడండి. మెతుకు పలుకు ఒక్కటి సందులో ఇరుక్కున్నా ఎండాక కనపడుతుంది. తెల్లదనం ముఖ్యమైతే సగ్గుబియ్యం గంజి మేలు. థర్మోకోల్ మీద ముందే గీతలు గీసుకోండి: ఐదు రెక్కలకి 72 డిగ్రీలకొకటి, ఆరుకి 60, నాలుగుకి 90. ఆ గీతల మీదికి మొనలు లాగి పిన్ను గుచ్చండి. వానాకాలంలో ఫ్యాన్ కింద పెట్టినా పూర్తిగా ఆరడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. చెమ్మ ఉండగా పిన్నులు తీస్తే రెక్కలు వాలిపోతాయి.

ఎక్కువ రోజులు దాచేవాటికి గంజి పెట్టకండి. పురుగు పడుతుంది. ఇచ్చే ముందు రోజు పెట్టుకోవచ్చు.

8. సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూడండి

పిన్ను గుచ్చక ముందే బల్ల మీద పరచండి. అంచు కుచ్చిళ్ళలా అల పోతే కుట్లు ఎక్కువయ్యాయి, ఒక్కో రెక్కలో ఒక ట్రిబుల్ తగ్గించండి. గిన్నెలా లేస్తే తక్కువయ్యాయి, రెండో చుట్టు లూపులో ఒక చైన్ పెంచండి. పిన్నులతో లాగి సరిచేద్దాం అనుకోకండి, మొదటి ఉతుకుతో మళ్ళీ లేస్తుంది.

తర్వాత నల్లగుడ్డ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్ళండి. రెక్కల మధ్య నలుపు కనిపించాలి. తెల్ల బిళ్ళలా కనిపిస్తే మూడో చుట్టులో ట్రిబుల్‌కీ ట్రిబుల్‌కీ మధ్య ఒక చైన్ వేసి, ఒక ట్రిబుల్ తీసేసి మళ్ళీ అల్లండి.

ఆఖరి పరీక్షకి ఇంట్లో పెద్దవాళ్ళు కావాలి. ఏం చెప్పకుండా చేతిలో పెట్టి "ఇదే పువ్వు?" అని అడగండి. నా పొట్లపువ్వుని మా అత్తగారు అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు తెచ్చుకుని, "పొట్లపువ్వల్లే ఉందే, రాత్రిపూట ఎప్పుడెళ్ళావు దొడ్లోకి?" అన్నారు.

దారం ఎంత కొనాలో కూడా ముందే తేల్చుకోండి. పది పువ్వులు అల్లి, ఆ పదింటినీ కలిపి చిన్న త్రాసులో తూయండి. వచ్చిన బరువుని పదితో భాగించి, మీకు కావలసిన పువ్వుల సంఖ్యతో హెచ్చించండి. పైన ఓ పదో వంతు కలుపుకుని, మొత్తం ఒకే లాటు ఉండలు ఒకేసారి తెచ్చుకోండి. రెండోసారి తెచ్చిన తెలుపు మొదటి తెలుపుతో కలవదు.